కారులో అదరగొట్టిన సబ్‌వూఫర్ హాల్లో ఎందుకు చప్పబడింది?

జడ్చర్ల నుంచి ఒక తమ్ముడు అడిగిన సంగతి ఇది. కారు అమ్మేటప్పుడు అందులోని బేస్ మాత్రమే మోగించే 12 అంగుళాల సబ్‌వూఫర్‌ని, దాని బాక్స్‌ని, మోనో ఆంప్‌ని విప్పి దాచుకున్నాడు. ఈమధ్య సెకండ్ హ్యాండ్‌లో ఒక 5.1 రిసీవర్ (అయిదు స్పీకర్లకూ ఒక సబ్‌కీ సినిమా సౌండ్ పంచే పెట్టె) దొరికింది. ఇంట్లో హాలు 12 బై 15 అడుగులు. ఇంటి కరెంటుని 12 వోల్టుల డీసీగా మార్చే ఎస్ఎంపీఎస్ ఒకటి కొని సబ్‌ని హాల్లో మోగిస్తే, కారులో డిక్కీ అదిరినట్టు ఇక్కడ అదరడం లేదట. అన్ని సినిమాలకూ ఒకటే 'బుమ్ బుమ్' మోత. సౌండ్ పెంచితే ఆంప్ ఆగి ఆగి వస్తోంది. "స్పీకర్ పోయిందా అన్నా, లేక కార్ సబ్ అసలు ఇంటికి పనికిరాదా?" అని ప్రశ్న.

తమ్ముడూ, స్పీకర్‌కి ఏమీ కాలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు దాన్ని తిట్టకు. మహబూబ్‌నగర్‌లో పద్దెనిమిదేళ్లుగా కార్లకు స్టీరియోలు బిగించడం, బాక్సులు చేయించడం నా పని. ఇదే మాటతో నా దగ్గరికి చాలామంది వచ్చారు. కారులో నువ్వు విన్న బేస్‌లో సగం స్పీకర్‌ది, సగం కారుది. కారు అమ్మేశావు కాబట్టి ఆ సగం దానితోపాటే పోయింది.

ఎలాగో చెప్తాను. డ్యాష్‌బోర్డు నుంచి డిక్కీ దాకా కారు లోపలి పొడవు రెండున్నర మీటర్లు అనుకో. ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. సగం అల రెండున్నర మీటర్లలో సరిగ్గా పట్టేది 68 హెర్ట్జ్ దగ్గర. అంతకు కింది శబ్దాలకు కారులో అల పరుచుకునే చోటే ఉండదు. అద్దాలెత్తిన కారు సైకిల్ పంపు గొట్టంలా అయిపోతుంది. స్పీకర్ కోన్ (ముందు కదిలే గిన్నె లాంటి భాగం) గాలిని ముందుకు తోసినప్పుడల్లా కారంతా ఒకేసారి గాలి పీడనం పెరుగుతుంది, నీ చెవిలో కూడా. దీనివల్ల 68 కింద ఫ్రీక్వెన్సీ సగానికి దిగినప్పుడల్లా 12 డీబీ (డెసిబెల్, సౌండ్ కొలత) దాకా ఉచితంగా కలిసి వస్తుంది. తలుపుల రబ్బర్ల సందుల్లోంచి కొంత కారిపోతుంది కాబట్టి నిజంగా అంత రాకపోవచ్చు, కానీ వచ్చినంత చాలు. అన్నివైపులా మూసిన సీల్డ్ బాక్స్‌లో స్పీకర్ తీరు దీనికి సరిగ్గా తలకిందులు. ఒక హద్దు దాటి కిందికి దిగితే, ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ 12 డీబీ పడిపోతుంది. బాక్స్ పడేసినదాన్ని కారు లేపుతుందన్నమాట. కార్ సబ్‌తో వచ్చే కాగితంలో 'చిన్న బాక్స్ చాలు' అని రాసేది ఈ ధైర్యంతోనే. డిక్కీలో సామాను కూడా పట్టాలి కదా.

నీ హాలు పొడవు 15 అడుగులు, అంటే 4.57 మీటర్లు. అదే లెక్కన ఉచిత లాభం 37 హెర్ట్జ్ కిందే మొదలవుతుంది, అదీ తలుపులు, కిటికీలు బిగించి ఉంటేనే. మన వైపు ఏప్రిల్, మే నెలల్లో కూలర్ పెట్టుకుని కిటికీ బార్లా తెరిచి సినిమా చూస్తాం. ఆ కిటికీలోంచి కూలర్ గాలితోపాటు నీ బేస్ కూడా వీధిలోకి పోతుంది.

ఇప్పుడు బాక్స్ సంగతి. స్పీకర్‌తో వచ్చిన కాగితంలో ఎఫ్ఎస్, క్యూటీఎస్, వీఏఎస్ అని మూడు అంకెలు ఉంటాయి. ఎఫ్ఎస్ అంటే బాక్స్ లేకుండా స్పీకర్ తనంతట తాను ఊగే ఫ్రీక్వెన్సీ, క్యూటీఎస్ అంటే ఆ ఊపు ఎంత త్వరగా ఆగుతుందో చెప్పే అంకె, వీఏఎస్ అంటే స్పీకర్ సాగే గుణానికి సమానమైన గాలి, లీటర్లలో. వీటిని థీల్-స్మాల్ పారామీటర్లు అంటారు. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో వేసిన దారిని రిచర్డ్ స్మాల్ 1970ల్లో పూర్తి చేశాడు. ఇవాళ ఏ బాక్స్ లెక్కైనా వాళ్ల చలవే. నీ కాగితం పోయి ఉంటే మోడల్ నంబర్‌తో వెతుకు. 12 అంగుళాల కార్ సబ్‌కి తరచూ కనిపించే తరహా అంకెలతో లెక్క చేసి చూపిస్తాను: ఎఫ్ఎస్ 30 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.5, వీఏఎస్ 60 లీటర్లు.

వీఏఎస్‌ని బాక్స్ లీటర్లతో భాగించు, ఒకటి కలుపు, వర్గమూలం తీయి. వచ్చిన అంకెతో ఎఫ్ఎస్‌ని, క్యూటీఎస్‌ని గుణించు. అంతే. డిక్కీ బాక్స్ 25 లీటర్లు అనుకుంటే 60ని 25తో భాగిస్తే 2.4, ఒకటి కలిపితే 3.4, వర్గమూలం 1.84. బాక్స్‌లో స్పీకర్ రెజొనెన్స్ (తనంతట తాను ఊగే ఫ్రీక్వెన్సీ) 55 హెర్ట్జ్‌కి ఎక్కింది, క్యూటీఎస్ పెరిగి బాక్స్‌లో క్యూ 0.92 అయింది. క్యూ 0.7 దాటి పైకి పోయేకొద్దీ ఆ రెజొనెన్స్ దగ్గర ఉబ్బు వస్తుంది. నీకు వినిపిస్తున్న 'బుమ్' అదే. గుర్రం పరుగైనా, బాంబు పేలుడైనా, డప్పు దెబ్బైనా అన్నిటికీ అదే ఒక్క స్వరం. సినిమాలో పొట్టలో తగిలే 25, 30 హెర్ట్జ్ సంగతులు మాత్రం గల్లంతు.

అదే స్పీకర్‌ని 60 లీటర్ల సీల్డ్ బాక్స్‌లో పెట్టు. 60ని 60తో భాగిస్తే 1, ఒకటి కలిపితే 2, వర్గమూలం 1.414. రెజొనెన్స్ 42కి దిగింది, క్యూ 0.707 దగ్గర ఆగింది. సీల్డ్ బాక్స్‌లో అందరూ వెతికే అంకె ఇదే: ఉబ్బు ఉండదు, కింద నెమ్మదిగా తగ్గుతుంది, ఆ తగ్గుదలని 37 కింద హాలు కొంచెం పూడుస్తుంది. ఒక్క రూపాయి స్పీకర్ మీద పెట్టకుండా, కేవలం ప్లైవుడ్‌తో ఇంత తేడా వస్తుంది.

"బాక్స్ ఎందుకు, ఈక్వలైజర్‌లో బేస్ పెంచితే సరిపోదా" అంటావేమో. 6 డీబీ పెంచాలంటే 4 రెట్లు పవర్ కావాలి. పైగా ఫ్రీక్వెన్సీ సగానికి దిగితే అదే సౌండ్‌కి కోన్ 4 రెట్లు ఎక్కువ కదలాలి. నీ ఆంప్‌లో అంత పవర్ లేదు, నీ స్పీకర్‌కి అంత కదలిక లేదు. పెంచితే టప్ టప్‌మని కాయిల్ వెనక ప్లేట్‌కి కొట్టుకుంటుంది.

గాలి ఆడే పైపు (పోర్ట్) పెట్టిన పోర్టెడ్ బాక్స్ గురించి అందరూ అడుగుతారు. క్యూటీఎస్ 0.4 కంటే తక్కువ ఉన్న స్పీకర్‌కి అది బాగా కుదురుతుంది. 0.5 దాటినదాన్ని సీల్డ్‌లో ఉంచడమే మేలు. మధ్యలో ఉంటే నీ ఇష్టం. పోర్ట్‌కి ప్లంబింగ్ షాపులో దొరికే 110 ఎంఎం పీవీసీ పైపు చాలు, లోపలి కొలత దాదాపు 104 ఎంఎం ఉంటుంది. 100 లీటర్ల బాక్స్‌ని 25 హెర్ట్జ్‌కి ట్యూన్ చేయాలంటే ఆ పైపు 33 సెంటీమీటర్లు ఉండాలి. సౌండ్ పెంచితే ఆ ఒక్క పైపులో గాలి 'ఫుస్ ఫుస్' అంటుంది. రెండు పైపులు పెడదామంటే ఒక్కొక్కటి 74 సెంటీమీటర్లకు పెరుగుతుంది, బాక్స్‌లో ఎల్బో వేసి వంచాలి. ఇంకో చిక్కు ఉంది. ట్యూనింగ్ కంటే కింది శబ్దం వస్తే పోర్టెడ్ బాక్స్‌లో కోన్‌కి గాలి అడ్డు ఉండదు, తాడు తెగిన గాలిపటంలా ఊగుతుంది. సబ్‌సోనిక్ ఫిల్టర్ (మరీ కింది శబ్దాలను ఆపేది) లేకుండా పోర్టెడ్ జోలికి పోవద్దు. మొదటి బాక్స్ నువ్వే చేసుకుంటున్నావు కాబట్టి నా ఓటు సీల్డ్‌కే. కొలత అర సెంటీమీటర్ తప్పినా అది క్షమిస్తుంది.

60 లీటర్లకు లోపలి కొలత 40 బై 40 బై 40 సెంటీమీటర్లు. అంటే 64 లీటర్లు. మాగ్నెట్‌కి, లోపల వేసే అడ్డ కర్రలకి మూడు నాలుగు లీటర్లు పోతే సరిగ్గా దిగుతుంది. 18 ఎంఎం ప్లై వాడు. ఎండీఎఫ్ శబ్దానికి మంచిదే, కానీ వానాకాలంలో షాబాద్ బండల మీద చెమ్మ ఊరే ఇళ్లలో దాని అడుగు ఉబ్బడం చాలాసార్లు చూశాను. స్పీకర్ కూర్చునే ముందు పలక రెండు పొరలు వేయించు. వడ్లాయన దగ్గర టేబుల్ మెషీన్ మీదే కోయించు, చేతి రంపంతో అంచు నేరుగా రాదు. జాయింట్లకు ఫెవికాల్, స్క్రూలు, లోపలి మూలలకు సిలికాన్. సిలికాన్ ఆరి పులుపు వాసన పోయేదాకా, అంటే కనీసం ఒక రోజు, స్పీకర్ బిగించకు. ఆ ఆవిరి కోన్ చుట్టూ ఉండే మెత్తటి అంచుకి, అదే సరౌండ్‌కి మంచిది కాదు. లోపల దిండుల్లో నింపే పాలిస్టర్ దూది వదులుగా పెడితే బాక్స్ కాస్త పెద్దదైనట్టు ప్రవర్తిస్తుంది.

లీకేజీ కనిపెట్టడానికి నా దగ్గర ఉన్న మీటర్ అగరుబత్తి. ఫోన్‌లో 30 హెర్ట్జ్ టోన్ పెట్టి, ఫ్యాన్ ఆపేసి, వెలిగించిన అగరుబత్తిని జాయింట్ల వెంట అర అంగుళం దూరంలో మెల్లగా జరుపు. గాలి కారని చోట పొగ నిటారుగా లేస్తుంది. సూదంత సందు ఉన్నా అక్కడ పొగ గజగజ వణుకుతుంది. ఎక్కువసార్లు దొంగ దొరికేది వెనక టెర్మినల్ దగ్గర. పొగ కోన్‌కి తగలనివ్వు, నిప్పు మాత్రం తగలనివ్వకు.

స్పీకర్ బిగించే ముందు కాయిల్ చూడు. కార్ సబ్‌లలో చాలా వాటికి రెండు కాయిల్స్ ఉంటాయి. 4 ఓమ్స్ కాయిల్‌కి మల్టీమీటర్ 3.2 నుంచి 3.6 దాకా చూపిస్తుంది. 2 ఓమ్స్ కాయిల్ అయితే 2 కంటే కాస్త తక్కువ. రెండు 4 ఓమ్స్ కాయిల్స్ సిరీస్‌లో 8 అవుతాయి, ప్యారలల్‌లో 2 అవుతాయి. కార్ మోనో ఆంప్‌లు చాలావరకు 2 ఓమ్స్‌కి తట్టుకుంటాయి, ఇంటి ఆంప్‌లు ఎక్కువగా తట్టుకోవు. తర్వాత గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్ తీసుకుని ఒక్కో కాయిల్‌కి ప్లస్‌ని ప్లస్‌కి, మైనస్‌ని మైనస్‌కి ఒక్క క్షణం తాకించు. రెండింటికీ కోన్ ముందుకే రావాలి. ఒక కాయిల్‌కి ముందుకు, ఇంకోదానికి వెనక్కి పోతే ఎవరో గుర్తులు తప్పు పెట్టారన్నమాట. అలాగే కలిపితే రెండూ ఒకదాన్నొకటి కొట్టుకుని బేస్ సున్నా, వేడి మాత్రం పూర్తిగా.

ఇక ఆంప్ ఆగి ఆగి రావడం. దాని మీద ఆర్‌ఎంఎస్ 300 వాట్స్ (నిలకడగా ఇచ్చే పవర్) అని ఉందన్నావు. డబ్బా మీది 'మ్యాక్స్ 1400' లాంటి అంకెలను చూడనే చూడకు. ఈ 300ని కూడా సాధారణంగా 14.4 వోల్టుల దగ్గర కొలుస్తారు, ఇంజన్ నడుస్తున్నప్పుడు కారు ఇచ్చేది దాదాపు అంతే కాబట్టి. నీ ఎస్ఎంపీఎస్ 12 ఇస్తే చాలా ఆంప్‌లలో పవర్ 70 శాతానికి పడిపోతుంది. క్లాస్-డీ ఆంప్ 80 శాతం సామర్థ్యంతో నడిచినా, 300 వాట్స్ ఇవ్వాలంటే 375 వాట్స్ లాగాలి. 13.8 వోల్టుల దగ్గర అది 27 ఆంపియర్లు. నువ్వు కొన్నది సీసీ కెమెరాలకు వాడే 10 ఆంపియర్లది. దెబ్బ పడ్డప్పుడల్లా ఓవర్‌లోడ్ అయి కట్ అవుతోంది, మళ్లీ వస్తోంది. ఆగి ఆగి రావడం అంటే ఇదే.

30 ఆంపియర్లది, కుదిరితే 40 ఆంపియర్లది తీసుకో. దాని టెర్మినళ్ల పక్కన చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది, మీటర్ పెట్టి దాన్ని తిప్పి 13.8కి తెచ్చుకో. అంతకంటే ముందు పక్కన రేకు సందులో 110, 220 అని రాసిన చిన్న స్లయిడ్ స్విచ్ ఉందేమో చూడు. అది 110 మీద ఉండగా మన కరెంటుకి పెడితే టప్‌మని పేలుతుంది. ఆ శబ్దం నేను రెండుసార్లు విన్నాను, రెండోసారి నా తప్పే. ఆంప్‌కి వైరు పొట్టిగా, కనీసం 6 స్క్వేర్ ఎంఎం, మధ్యలో ఫ్యూజు. రిమోట్ అని రాసిన టెర్మినల్‌కి ప్లస్ నుంచి స్విచ్ ద్వారా 12 వోల్టులు ఇవ్వాలి, లేకపోతే ఆంప్ లేవదు. 230 వచ్చే స్క్రూలు పైకే కనిపిస్తాయి కాబట్టి పిల్లలున్న ఇంట్లో దాన్ని డబ్బాలో పెట్టి, గాలి ఆడేలా చిల్లులు వేయించు, ఎర్త్ తప్పకుండా కలుపు.

మనవాళ్లకు తట్టే ఇంకో ఉపాయం ఇన్వర్టర్ బ్యాటరీ. 12 వోల్టులు, 150 ఏహెచ్, ఇంట్లో ఊరికే కూర్చుని ఉంది, దాన్నుంచి వైరు లాగితే ఏం పోయింది అనిపిస్తుంది. కొత్తలో నేనూ లాగాను. చార్జింగ్ అవుతున్నంతసేపు స్పీకర్‌లో ఒకటే గుర్రు. ఎండాకాలం ఒక రాత్రి కరెంటు పోతే పదకొండు గంటలకే ఫ్యాన్లు ఆగిపోయాయి. చీకట్లో మా నాయన ఆంప్ వైపు చూసి అన్న మాటలు ఇక్కడ రాయలేను. అది సరే, ఫ్యూజు లేని బ్యాటరీ వైరు ఇంట్లో తిరగడం అగ్గితో ఆటే. ఎస్ఎంపీఎస్‌కి తోడుగా హాల్లో కార్ బ్యాటరీ పెట్టడమూ వద్దు, చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది.

నిజానికి నన్నడిగితే కార్ ఆంప్‌ని అమ్మేయి. నేరుగా ఇంటి కరెంటు మీద నడిచేది పెట్టుకో. కాయిల్స్ సిరీస్‌లో కలిపి 8 ఓమ్స్ చేసి, 5200-1943 ట్రాన్సిస్టర్ల బోర్డు, 35-0-35 టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్‌తో అసెంబుల్ చేయిస్తే 100 నుంచి 120 వాట్స్ నికరంగా వస్తాయి. మీ హాలుకి అది ఎక్కువే. విడిభాగాలు హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, జడ్చర్ల నుంచి పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇంట్లో ఉంటావు. ఒక్క మాట మరిచిపోకు: స్పీకర్ ప్రొటెక్షన్ బోర్డు. ట్రాన్సిస్టర్ షార్ట్ అయితే 50 వోల్టుల డీసీ నేరుగా కాయిల్‌లోకి పోతుంది. కొద్ది సెకన్లలో వార్నిష్ మాడిన వాసన వస్తుంది, అంతటితో స్పీకర్ కథ ముగుస్తుంది. సోల్డరింగ్ అంటే టెన్షన్ అనుకుంటే టీపీఏ3255 చిప్ ఉన్న రెడీమేడ్ ఆంప్ బోర్డు, 48 వోల్టుల ఎస్ఎంపీఎస్ కలుపుకున్నా పని జరుగుతుంది.

ఏ ఆంప్ అయినా రిసీవర్ వెనక సబ్ అని రాసిన ఆర్‌సీఏ నుంచే లైన్ తీసుకో, స్పీకర్ టెర్మినళ్ల నుంచి వద్దు. రిసీవర్ మెనూలో మిగతా స్పీకర్లను 'స్మాల్' అని పెట్టి, క్రాసోవర్ (ఏ ఫ్రీక్వెన్సీ కింద శబ్దం సబ్‌కి పోవాలో చెప్పే హద్దు) 80 హెర్ట్జ్ పెట్టు. సినిమాలో బేస్ కోసమే విడిగా ఉండే ఎల్ఎఫ్ఈ ట్రాక్ 120 హెర్ట్జ్ దాకా ఉంటుంది కాబట్టి ఆంప్ మీది లో-పాస్ నాబ్‌ని ఎక్కువ హెర్ట్జ్ వైపు చివరిదాకా తిప్పేయి. రెండు చోట్లా కోస్తే సబ్‌కీ ముందు స్పీకర్లకూ మధ్య గొయ్యి పడుతుంది. బేస్ బూస్ట్ సున్నా. కారు అలవాటుతో దాన్ని పైకి తిప్పాలనిపిస్తుంది, చెయ్యి కట్టేసుకో.

'గుయ్' మని హమ్ వస్తే ముందు సెట్‌టాప్ బాక్స్‌కి వచ్చే కేబుల్ వైరు పీకి చూడు. పదింట ఆరుసార్లు గ్రౌండ్ లూప్ (రెండు చోట్ల ఎర్త్ కలిసి హమ్ పుట్టించే దారి) అక్కడే దొరుకుతుంది. హమ్ పోవడానికి ప్లగ్గులో ఎర్త్ పిన్ తీసేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. వాళ్ల మాట వినకు.

చివరగా చోటు. 15 అడుగుల పొడవుకి 37, 12 అడుగుల వెడల్పుకి 47, 10 అడుగుల స్లాబు ఎత్తుకి 56 హెర్ట్జ్ దగ్గర నీ హాలు తనంతట తానే మోగుతుంది. గది నడిమధ్యన కూర్చుంటే ఆ మొదటి రెండూ దాదాపు వినిపించవు, దివాన్‌ని వెనక గోడకి ఆనిస్తే మరీ ఎక్కువ. గోడకి మూడు నాలుగు అడుగుల ముందుకు జరుపు. సబ్‌కి చోటు వెతకాలంటే ముందు సబ్‌నే ఎత్తి నువ్వు కూర్చునే దివాన్ మీద పెట్టు, బేస్ గీత ఉన్న పాట తిప్పు, నువ్వు మోకాళ్ల మీద గోడల వెంట తిరుగు. ఎక్కడ ప్రతి స్వరం సమానంగా వినిపిస్తే అక్కడ సబ్ పెట్టాలి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనీ.

అన్నీ కుదిరాక ఒక రోజు ఎక్కడో 'జ్‌ర్‌ర్' అని వినిపిస్తుంది. స్పీకర్ చిరిగిందని కంగారు పడకు. మా ఇంట్లో రెండు రోజులు వెతికితే అది దేవుడి గూట్లో గంట నాలుక. దాని తర్వాత బీరువా హ్యాండిల్, ఆ తర్వాత వంటింట్లో గిన్నెల స్టాండ్. 25 నుంచి 80 దాకా టోన్‌ని మెల్లగా జరుపుతూ ఇల్లంతా తిరుగు, ఏ అంకె దగ్గర ఏది మోగుతుందో తెలిసిపోతుంది. వరండాకి రేకులుంటే వాటి స్క్రూల కింద రబ్బరు వాషర్లు వేయించు.

వడ్లాయన దగ్గరికి పోయేముందు స్పీకర్‌ని వెంట తీసుకెళ్లు. 12 అంగుళాలు అన్నది బయటి రింగు కొలత, కోయాల్సిన గుండ్రం దానికంటే చిన్నది, కంపెనీకో రకంగా ఉంటుంది. కాయిల్ రీడింగు, కాగితంలోని ఆ మూడు అంకెలు రాసి పంపు, నీ స్పీకర్‌కి సరిపోయే లీటర్లు లెక్క చేసి చెప్తాను. అప్పటిదాకా ప్లై కోయించకు.